ఎంతసేపు నొక్కాలి

"చాల్లే అమ్మమ్మా. అది కోడి, ఇది నీ వేలు. తేడా తెలియట్లేదు నీకు," అంటూ యాన్సీ ఆమె చేతిలోంచి కత్తి లాక్కుంది. "పో, పోయి టీవీ ముందు కూర్చో. నాలుగింటి దాకా ఆటలో ఆ కొలోచోగాణ్ణి ఎక్కడికైనా నడిపించు. పులుసు సంగతి నేను చూసుకుంటాను." పద్దెనిమిదేళ్ళ పిల్ల, తన చేతిలో కత్తి లాక్కునేంత పెద్దది ఎప్పుడయిందో అనుకుంటూ ఫిదెలీనా తెగిన బొటనవేలిని నోట్లో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. వచ్చేవాళ్ళ కోసం కుర్చీ మీద నిన్న ఉతికిన గుడ్డ పరిచి ఉంది, దాని మీద తను కూర్చుంటే నలుగుతుందని తీసి, నాలుగు మడతలు వేసి, ఊయలలో పెట్టి, అప్పుడు కూర్చుంది. బయట తొట్టి దగ్గర భర్త రుతీలియో స్నానం చేస్తున్నాడు, సొరకాయ బుర్రతో నీళ్ళు ముంచి పోసుకుంటున్న చప్పుడు, ఆ చప్పుడు మధ్యలో కూనిరాగం. ఆయన కూనిరాగం తీసి ఎన్నేళ్ళయింది? పొద్దుటి నుంచి మూడుసార్లు రోడ్డు దాకా వెళ్ళి వచ్చాడు, నాలుగింటికి వస్తామన్నవాళ్ళు పదింటికే వచ్చేసి ఇల్లు కనుక్కోలేక తిరిగిపోతారేమోనన్నట్టు. రాజధాని నుంచి వస్తున్నారు, యుద్ధంలో తప్పిపోయిన పిల్లల్ని వెతికే ఆఫీసు వాళ్ళు. దూది చుట్టిన పుల్లతో ఆయన బుగ్గ లోపల, ఈమె బుగ్గ లోపల తుడుచుకుని వెళతారట, ఆ ఉమ్మిని బెల్జియంలో ఉన్న ఒక మనిషి ఉమ్మితో పోల్చి చూస్తారట. ఆ మనిషికి ముప్పై ఏడేళ్ళు. వీళ్ళ కొడుకు నెఫ్తలీకి కూడా, ఉంటే, ముప్పై ఏడేళ్ళే. రుతీలియో ఆ 'ఉంటే' అనే మాట వాడడు. ఇప్పుడు వాడికి ముప్పై ఏడేళ్ళు అంటాడు, అంతే. ఆ మాట దగ్గర కాలు ఆగేది ఈ ఇంట్లో ఫిదెలీనాకి ఒక్కదానికే, ఎందుకంటే నెఫ్తలీ లేడని ఆమెకి తెలుసు, ఏడు నెలల వాడుగా ఉన్నప్పుడే పోయాడని, తన ఒళ్ళోనే పోయాడని తెలుసు. ఆ సంగతి బండి వచ్చేలోగా రుతీలియోకి చెప్పాలి. ముప్పై ఏడేళ్ళుగా చెప్పనిది యాభై అయిదు నిమిషాల్లో చెప్పాలి. ఆయన ఒళ్ళు తుడుచుకుని లోపలికి రాగానే చెప్పేస్తాను, అనుకుంది, అనుకుని మీట నొక్కింది.

తెర మీద అడవి తెరుచుకుంది. చెట్టు వెనక వంగి కూర్చుని ఉన్నాడు కొలోచో, నిన్న యాన్సీ వదిలేసిన చోటే. ఆటలో అతనికి వేరే ఏదో పేరుంది, జుట్టు ఉంగరాలుగా ఉంటుంది కాబట్టి ఈ ఇంట్లో కొలోచో అయ్యాడు. తుపాకీ ఉంది గానీ గుళ్ళు తక్కువ, ఉన్నా పేలిస్తే అడవిలో ఉన్న సైన్యమంతా వచ్చి మీద పడుతుంది, అందుకని చెయ్యాల్సిందల్లా కనబడకుండా, వినబడకుండా, ఆకలికి పడిపోకుండా అవతలి నది చేరడం. ఎడమ మూల మూడు గీతలుంటాయి, ప్రాణానికి ఎర్రది, ఆకలికి పచ్చది, చప్పుడుకి తెల్లది. మొదట్లో ఫిదెలీనా చిక్కుడుగింజలు ఏరుకుంటూ వెనక నుంచి చూసేది. ఒకరోజు యాన్సీ ఒకే వాగు దగ్గర ఏడుసార్లు దొరికిపోయి, కంట్రోలర్ని గోడకేసి కొట్టబోతుంటే, చేట లోంచి తలెత్తకుండానే "వాగు దాటకే, వాగులోనే నడు. నీళ్ళలో కుక్కకి వాసన అందదు" అంది. యాన్సీ వాగులో నడిచింది, కుక్క ఒడ్డు మీద అటూ ఇటూ తిరిగి మూలిగి వెళ్ళిపోయింది. "నీకెలా తెలుసే?" అని ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిన చూపు! ఆ తర్వాత ఎక్కడ చిక్కుకున్నా కంట్రోలర్ అమ్మమ్మ చేతికే వచ్చేది. పక్కింటి అర్సెనియా సున్నం అడగడానికి వచ్చి, తలుపులో నిలబడి, "యుద్ధంలో ఉన్నట్టున్నారు కమాండరు గారూ, శాంతి ఒప్పందం అయ్యాక కబురు పెట్టండి, వస్తాను" అని వెళ్ళిపోయేది. ఊళ్ళో ఇప్పుడు పిల్లలు కూడా అలాగే పిలుస్తారు. ఫిదెలీనాకి నచ్చింది ఆట కన్నా ఆటలోని కాపలావాళ్ళు. కొమ్మ విరిగిన చప్పుడు వింటే వాళ్ళు "ఎవరది?" అంటారు, నాలుగడుగులు వేస్తారు, ఆగుతారు, "గాలి అయ్యుంటుంది" అనుకుని వెనక్కి తిరుగుతారు. మొదటిసారి అది విని ఆమె కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. గాలి అనుకునే సైనికులు! అప్పటి వాళ్ళు గాలిని కూడా మనిషే అనుకున్నారు. ఆకు కదిలితే ఆకుని కాల్చారు. ఎనభై రెండు మే నెలలో ఈ కొండల్లో ఒక్కడంటే ఒక్కడు, పోనీలే, గాలే, అనుకుని వెనక్కి తిరిగి ఉంటే.

పచ్చ గీత సగానికి వచ్చింది. కొలోచోకి ఆకలి. సంచీలో ఒక పాము ఉంది, రెండు పుట్టగొడుగులు ఉన్నాయి, ఆమె పుట్టగొడుగులే తినిపించింది, పాముని దాచింది, ముందు దొరుకుతుందో లేదో తెలియనప్పుడు పెద్దది దాచుకోవడం చేతికి అలవాటు. గిందా అనేవాళ్ళు దాన్ని, సైన్యం వస్తోందని తెలియగానే ఊరు ఊరంతా లేచి కొండల్లో పడి నడవడాన్ని, ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, కోళ్ళు, కుండలు, మొదటి రోజు అన్నీ ఉంటాయి, మూడో రోజుకి కుండలుండవు, నాలుగో రోజుకి కోళ్ళుండవు. మొక్కజొన్న పిండి దోసిట్లో నీళ్ళతో కలిపి చిటికెడు ఉప్పు వేసుకుని తాగడం, పొయ్యి పెడితే పొగ కనిపిస్తుంది కాబట్టి అన్నీ పచ్చివే, పచ్చి మామిడికాయలు, పచ్చి గుమ్మడి పిందెలు, పళ్ళు జివ్వుమనేవి. కొలోచో ఏది తిన్నా గీత పైకి లేస్తుంది. ఇరవై ఏళ్ళ పిల్ల ఏమి తిన్నా ఆరో రోజుకి పాలు రాలేదు. రొమ్ము నోటికి ఇస్తే వాడు రెండు గుక్కలు పీల్చి, ఏమీ రాక, మొహం పక్కకి తిప్పి ఆమె కేసి చూసేవాడు, ఏమిటిది, నన్నెందుకు మోసం చేస్తున్నావు అన్నట్టు, ఆ తర్వాత ఏడిచేవాడు. లావుగా పుట్టాడు నెఫ్తలీ. పుట్టినప్పుడు మంత్రసాని వాణ్ణి రెండు చేతుల్లో ఎగరేసి, మొక్కజొన్న బస్తా కన్నావే తల్లీ అంది. ఏడుపు కూడా అలాంటిదే, కొండ అవతలికి వినిపించే ఏడుపు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆ ఏడుపు వింటే రుతీలియో పొలంలోంచి నవ్వుకుంటూ వచ్చేవాడు.

"ఎక్కడున్నావ్ అమ్మమ్మా?" వంటింట్లోంచి కేక.

"గుడిసె దగ్గర."

"అయితే కుంటోడు వచ్చుంటాడే! వాణ్ణి వీపు మీద ఎక్కించుకోవాలి. నిన్న అక్కడే ఆపేశాను నేను, చచ్చాను వాడితో."

వచ్చాడు. గుడిసె వెనక కాలికి గుడ్డ చుట్టుకుని పడి ఉన్నాడు కొలోచో స్నేహితుడు, గాయం కుళ్ళి జ్వరంతో ఉన్నాడు, వాణ్ణి వదిలేస్తే ఆట ముందుకి పోదు. వీపు మీదికి ఎక్కించుకుంది. రెండడుగులు వేసిందో లేదో వాడు మూలిగాడు, తెల్ల గీత నిట్టనిలువుగా లేచింది. తెర అడుగున అక్షరాలు వచ్చాయి, ఎడమ చూపుడువేలి కింది మీట నొక్కితే అతని నోరు మూయవచ్చు అని. ఫిదెలీనా చదివింది. ఇంకోసారి చదివింది. చూపుడువేలు మీట మీద ఉంది, కానీ అది తన వేలు కానట్టు, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు ఊరికే ఉంది. నొక్కకుండానే నడిపించింది, గడ్డి ఎత్తుగా ఉన్న చోట్లే వెతుక్కుంటూ, చీకటిగా ఉన్న చోట్లే వెతుక్కుంటూ, పైన బాట మీద ముగ్గురు సైనికులు వస్తున్నారు, బండరాయి కిందికి దూరి ఆగింది, వాళ్ళ బూట్లు కనిపిస్తున్నాయి, బూట్లు మాత్రమే, వాడు మూలిగాడు. ఈసారి వాళ్ళు గాలి అనుకోలేదు. తెర ఎర్రబడి, నల్లబడి, మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగింది. అవును. గుడిసె, కుంటోడు, వీపు, గడ్డి, బండరాయి, బూట్లు. వాడు నోరు తెరవబోతుండగానే వేలు దానంతట అదే నొక్కేసింది. కొలోచో అరచెయ్యి వాడి నోటి మీద పడింది. తెల్ల గీత పడిపోయింది. బూట్లు ఆగాయి. పైన ఒకడు సిగరెట్ వెలిగించుకున్నాడు, ఇంకొకడు ఏదో అన్నాడు, నవ్వారు, వెళ్ళరు, ఎందుకు వెళ్ళరు, ఫిదెలీనా నొక్కి పట్టుకునే ఉంది, గోరు తెల్లబడేలా నొక్కి పట్టుకుంది, ఎర్ర గీత తరిగిపోవడం కనిపించలేదా అంటే కనిపించింది, ఒక మూలగా కనిపిస్తూనే ఉంది, కానీ బూట్లు ఇంకా అక్కడే ఉన్నాయి కదా. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె వేలు తీసింది. వాడి తల కొలోచో భుజం మీంచి కిందికి వేలాడింది. నీ తోడు చనిపోయాడు అని వచ్చింది తెర మీద, మళ్ళీ మొదలుపెట్టాలా?

ఓడిపోతే వచ్చే సంగీతం విని యాన్సీ వంటింట్లోంచి పకపకా నవ్వింది. "చంపేశావా? కమాండరూ, చంపేశావా వాణ్ణి? అంతసేపు కాదే, నొక్కి వదలాలి, నొక్కి వదలాలి. ఎర్ర గీత చూసుకుంటూ ఉండు, సగానికి రాగానే వదిలెయ్యి, ఓ గుక్క పీల్చుకోనిచ్చి మళ్ళీ నొక్కు. నేను నాలుగుసార్లు చంపాను వాణ్ణి!"

నాలుగుసార్లు. గీత చూసుకుంటూ ఉండు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి, కొండచెరియ కింద, ముప్పై రెండు మంది ఒకరి మీద ఒకరు ముడుచుకుని కూర్చున్నప్పుడు, పైన బాట మీద బూట్లు ఆగినప్పుడు, గీత ఎక్కడుంది? ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అది ఆమెకి బాగా గుర్తు. నోరు మూయించు అని ఒక్కరూ అనలేదు. ముందు కూర్చున్న దొమితీలా వెనక్కి తిరిగి చూసింది, అంతే, తన ఇద్దరు పిల్లల తలల మీద చెరో చెయ్యి వేసుకుని చూసింది, మళ్ళీ ముందుకి తిరిగింది. నెఫ్తలీ ముక్కు చిట్లించాడు, ఏడవబోయే ముందు అలా చిట్లించేవాడు. ఆమె వాణ్ణి రొమ్ముకి అదిమింది. పాలు లేని రొమ్ముకి. మొహమంతా మునిగిపోయేలా అదిమి, పైన దుప్పటి కప్పి, దుప్పటి మీద తన గడ్డం ఆనించి పట్టుకుంది. వాడు కాళ్ళు తన్నాడు, బలంగా, ఆ తన్నులు ఇప్పటికీ డొక్కలో ఎక్కడో ఉన్నాయి, తర్వాత కొంచెం తన్నాడు, తర్వాత మానేశాడు, మానేస్తే నిద్రపోయాడు అనుకుంది. నిజంగా అనుకుంది. అలిసిపోయాడు, నిద్రపోయాడు, మంచిదయింది అనుకుంది. అలా అనుకున్నాక కూడా వదల్లేదు, ఎందుకంటే బూట్లు ఇంకా ఉన్నాయి. ఎంతసేపు? ఒక జపమాల తిప్పేంతసేపా, ఒక రొట్టె కాలేంతసేపా, ముప్పై ఏడేళ్ళుగా లెక్క వేస్తూనే ఉంది, ఒక్కోసారి చాలా తక్కువ వస్తుంది, అంత కొంచెంసేపటికి ఎవరూ చచ్చిపోరు అనిపించేంత తక్కువ, ఒక్కోసారి పొద్దు నడినెత్తికి వచ్చేంత వస్తుంది. సైనికులు వెళ్ళిపోయాక ముప్పై ఒక్క మంది లేచారు. దొమితీలా వచ్చి దుప్పటి తొలగించి చూసి, మళ్ళీ కప్పేసింది. ఇద్దరూ కలిసి చెరియ చివర తడి మట్టిని చేతులతో, రేకు పళ్ళెంతో తవ్వారు. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తరు. గిందాలో ఎవరి పిల్లలు ఎలా పోయారో ఎవరూ ఎవరినీ అడగరు, అలా అని ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు, అడగరు అంతే. దొమితీలా అడక్కుండా, చెప్పకుండా ఉండి ఉండి ఈ జనవరిలో పోయింది. దుప్పటి ఎత్తి చూసింది ఆమె ఒక్కతే, ఇంక ఎవరూ లేరు.

రుతీలియో అప్పుడు గెరిల్లాలతో కలిసి పోరాటంలో ఉన్నాడు, అవతలి కొండ మీద. మూడు వారాల తర్వాత హోండూరస్ సరిహద్దు దగ్గర కలిశాడు, గడ్డం పెరిగి, ఒక చెవిలోంచి రసి కారుతూ. ఆమె ఖాళీ చేతులు చూసి నిలబడిపోయాడు. సైనికులు ఎత్తుకుపోయారు, అంది ఆమె. నది దాటుతుంటే పిల్లల్ని లాక్కుని హెలికాప్టర్లో వేసుకుపోయారు, అంది. అబద్ధం ఆమె కల్పించింది కాదు, పక్క ఊరి పిల్లల్ని నిజంగానే అలా తీసుకుపోయారు, అందరికీ తెలుసు, ఆమె చేసిందల్లా ఆ పిల్లల్లోకి తన పిల్లాణ్ణి కూడా ఎక్కించడం. అప్పుడు ఆ మాటకి చచ్చిపోయాడు అనే అర్థం. సైనికులు ఎత్తుకుపోయిన పిల్లాడు బతికి ఉంటాడని ఆ రోజుల్లో ఎవరికి మాత్రం తోచింది? చచ్చాడు అనే చెప్పింది ఆమె, ఎవరు చంపారో అది ఒక్కటే మార్చి చెప్పింది. రుతీలియో మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు, సైన్యాన్ని తిట్టాడు, ఆ రాత్రి ఆమెని పట్టుకుని పడుకున్నాడు. అంతటితో అయిపోయింది అనుకుంది. శరణార్థుల శిబిరంలో కూతురు పుట్టింది, తొమ్మిదేళ్ళకి ఊరికి తిరిగి వచ్చారు, రేకుల ఇల్లు వేసుకున్నారు, అయిపోయింది అనుకుంది. యుద్ధం అయ్యాక రెండేళ్ళకి మొదటి పిల్ల దొరికింది. రాజధానిలో ఒక అనాథాశ్రమంలో, పన్నెండేళ్ళ పిల్ల, హెలికాప్టర్లో పోయిన పిల్ల. తర్వాత ఇంకొకడు, ఫ్రాన్స్‌లో. తర్వాత ఇంకొకరు. చచ్చిపోయారనుకున్న పిల్లలు ఒక్కొక్కళ్ళే ఎక్కడెక్కడి భాషల్లోనో మాట్లాడుకుంటూ తిరిగి వస్తుంటే రుతీలియో ఒకరోజు బజారు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, గుమ్మంలో వగరుస్తూ, "ఫిదే, బతికే ఉన్నారటే! హెలికాప్టర్లో పోయిన పిల్లలు బతికే ఉన్నారట!" అన్నాడు. రొట్టె తడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు చెప్పాల్సింది. పెనం మీది రొట్టె మాడి పొగ వచ్చేదాకా నిలబడింది, చెప్పలేదు.

"ఇది చొక్కాలోకి దూర్చాలా, బయటికి వదలాలా?" రుతీలియో గుమ్మంలో ఉన్నాడు. తడి జుట్టు వెనక్కి దువ్వుకుని, ఆమె రెండుసార్లు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, మెడలోని శిలువ గొలుసు పట్టుకుని అడుగుతున్నాడు.

"బయటికి," అంది.

"వాడికి ఫొటో తీసి పంపుతారట. మొదటిసారి చూస్తాడు కదా." చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు, ఫోనులో వచ్చిన బొమ్మని పట్నంలో అచ్చు వేయించుకున్న కాగితం, మడతల దగ్గర రంగు పోయింది అప్పుడే. "చెవులు చూడవే. మా నాన్న చెవులు కాదూ? అంటించినట్టు లేవూ?" ఫిదెలీనా చూసింది. బెల్జియం మనిషి ఒక మంచు కురిసిన వీధిలో నిలబడి కొంచెం నవ్వుతున్నాడు. నల్లటి మనిషి, తెల్లటి వీధి. ఎవరి బిడ్డో. ఈ కొండల్లోనే ఏ తల్లి చేతుల్లోంచో నిజంగా లాక్కోబడినవాడు, ఆమె బతికి ఉంటే ఏ గుమ్మంలో నిలబడి ఉందో, ఇతను ఇటు చూస్తున్నాడు. అతనికి కూడా అబద్ధం చెబుతున్నట్టే కదా. "నీ ఆట ఆపు, వాళ్ళొచ్చేసరికి తుపాకులు కనిపిస్తే బాగుండదు," అని నవ్వి రుతీలియో మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు, మీసం దువ్వుకోవడానికి. చెప్పలేదు. మూడూ ముప్పై అయిదు. పరీక్షలో అతను కాడని తేలుతుంది, తేలితే మానేస్తాడా రుతీలియో? రెండేళ్ళ కిందట ఇటలీ మనిషి కాదని ఫొటో చూసే చెప్పేశారు ఆఫీసువాళ్ళు, రెండు రోజులు అన్నం తినలేదు, మూడో రోజు లేచి, ఇటలీలో లేడంటే ఇంకెక్కడో ఉన్నాడన్నమాట అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాలా? అవును. గుడిసె, వీపు, గడ్డి, బండరాయి. బూట్లు వచ్చాయి. నొక్కింది. ఎర్ర గీత చూస్తూ నొక్కింది, తరుగుతోంది, తరుగుతోంది, సగం, వదిలింది. వాడు ఒక గుక్క పీల్చుకున్నాడు, చిన్న గుక్క, తెల్ల గీత కొంచెమే లేచింది, పైనున్నవాడు తల తిప్పాడు, మళ్ళీ నొక్కింది. వదిలింది. నొక్కింది. ఇంత సులువా? ఒక గుక్కకి చోటు ఉంటుందా, మధ్యలో? ఒక్కసారి దుప్పటి ఎత్తి ఉంటే, గడ్డం తీసి, ఇంత సందు ఇచ్చి, ఒక్క గుక్క, వాడు ఏడిచే గుక్క కాదు, పీల్చుకునే గుక్క, తేడా తెలియదా తల్లికి? బూట్లు కదిలాయి, దూరమయ్యాయి. ఆమె వాణ్ణి మోసుకుంటూ వాగులో దిగింది, వాగు నదిలో కలిసింది, అవతలి ఒడ్డున కొలోచో వాణ్ణి మెల్లిగా దింపి చెట్టుకి ఆనించి కూర్చోబెట్టాడు. వాడు కళ్ళు తెరిచి కొలోచో చెయ్యి పట్టుకుని, నీ వల్లే బతికాను అన్నాడు. ఏదో తీగవాయిద్యం మోగింది. ఇంతవరకు జరిగింది భద్రం చెయ్యాలా అని అడిగింది తెర. ఫిదెలీనా అవును కాదు రెండూ నొక్కలేదు. కంట్రోలర్ని స్టూలు మీద పెట్టి, పైకి లేచి, చేతులు గౌనుకి తుడుచుకుంది. చేతులకి ఏమీ లేదు. "దాటించావా?" అని యాన్సీ అడిగింది, దాటించాను అంది, "చూశావా, వచ్చేసింది నీకు!" అంది యాన్సీ.

పెరట్లో జామచెట్టు కొమ్మకి కట్టిన అద్దం ముక్క ముందు రుతీలియో నిలబడి ఉన్నాడు. ఆకాశం కొండల వైపు నల్లబడుతోంది, వాన పడేలోపల వాళ్ళు వచ్చేస్తారా అని అద్దంలోనే అడిగాడు.

"రుతీలియో. పిల్లాణ్ణి సైనికులు తీసుకుపోలేదు."

"మరెవరు తీసుకుపోయారు?" దువ్వెన ఆగలేదు.

"ఎవరూ తీసుకుపోలేదు. నా ఒళ్ళోనే పోయాడు. చెరియ కింద దాక్కున్నప్పుడు. పైన సైనికులున్నారు, వాడు ఏడవబోయాడు, నేనే రొమ్ముకి అదిమి పట్టుకున్నాను. ఎక్కువసేపు పట్టుకున్నాను. వదల్లేదు." ఇన్నాళ్ళూ ఎంత పెద్దదో అనుకుంది ఆ మాట, నోట్లోంచి బయటికి వచ్చేసరికి ఇంతే ఉంది, నాలుగు ముక్కలు. "నేనే చంపుకున్నాను వాణ్ణి."

ఆయన దువ్వెన దింపాడు. ఇటు తిరిగాడు. ఆమె ఆయన మొహంలోకి చూడగలిగింది, చూస్తూ ఉంది, కొడతాడేమో, కొడితే బాగుండు, కూలబడతాడేమో, ఆ రోజు సరిహద్దు దగ్గర కూలబడినట్టు. ఆయన దగ్గరికి వచ్చి ఆమె తెగిన బొటనవేలు ఉన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆఫీసువాళ్ళు చర్చి హాల్లో మీటింగు పెట్టినప్పుడు నువ్వు రాలేదు, మోకాలు నొప్పని," అన్నాడు నెమ్మదిగా, జ్వరంతో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు. "అక్కడికి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. తల్లులు ఇలాగే అంటారట ఫిదే. నేనే చంపాను, నా వల్లే పోయాడు అని తమకి తామే కథ కట్టుకుంటారట. ఏళ్ళు గడిచేకొద్దీ అదే నిజమనిపిస్తుందట, కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుందట కూడా. దొరికే రోజు దగ్గరపడితే ఇంకా ఎక్కువవుతుందట. అలా అంటే తిట్టకండి, ఓపిగ్గా వినండి అని మగవాళ్ళందరికీ చెప్పింది."

"కట్టుకున్నది కాదు. దొమితీలా ఉంది అప్పుడు. ఇద్దరం కలిసి పూడ్చాం."

"దొమితీలా పోయింది కదే."

"పూడ్చిన చోటు..."

"చూపించు పోనీ," అన్నాడు. దెప్పుతూ కాదు, ఆ గొంతులో దెప్పు లేదు, అందుకే ఆమెకి భయం వేసింది. ఆమె కొండ వైపు చూసింది. శిబిరం నుంచి తిరిగి వచ్చిన మొదటి వారంలోనే ఒక్కతే వెళ్ళి వెతికింది, తొమ్మిదేళ్ళ వానలకి వాలు మారిపోయింది, ఏ రాయి ఏదో పోల్చుకోలేకపోయింది, ఆ తర్వాత భూకంపానికి చెరియే విరిగి లోయలోకి జారిపోయింది. ఇప్పుడు అక్కడ చెరియ లేదు. చూపించడానికి ఏమీ లేదు. ఆమె అలా కొండ వైపు చూస్తూ ఉండిపోవడం చూసి రుతీలియో ఆమె చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని నిమిరాడు. "చూశావా. ఊరుకో. వాడు దొరికాడంటే ఇవన్నీ పోతాయి," అన్నాడు, అంటుండగానే రోడ్డు మీద హారన్ మోగింది, నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. "వచ్చేశారే!" అని, చెయ్యి వదిలేసి, డెబ్భై ఏళ్ళ మనిషి కంచె దగ్గరికి పరిగెత్తాడు.

ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి చిన్నపిల్ల, యాన్సీ కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో, బూట్లకి అంటిన బురదని గుమ్మం బయట గడ్డికి రాసుకుని మరీ లోపలికి వచ్చింది, అది ఫిదెలీనాకి నచ్చింది. కుర్చీ మీద గుడ్డ పరిచి కూర్చోబెట్టారు. యాన్సీ టీవీ ఆపేసింది. అమ్మాయి చేతులకి తొడుగులు వేసుకుని, పొడుగాటి కాగితం తీసి, పేర్లు, పుట్టిన తేదీలు, ఊరు అడిగి రాసుకుంది. పిల్లాడు ఏ నెలలో, ఎక్కడ, ఎలా దూరమయ్యాడు అని అడిగితే రుతీలియో చెప్పాడు, మే నెల, నది రేవు, హెలికాప్టరు, ఎన్నిసార్లు చెప్పాడో ఆ మాటలు అరిగి నున్నబడిపోయి ఉన్నాయి, ఒక్క చోట కూడా తడబడలేదు. అమ్మాయి రాసుకుని, కలం ఎత్తి, ఇటు చూసింది. "అప్పుడు దగ్గరున్నది మీరు కదమ్మా? మీరేమైనా చెప్పాలా?" రుతీలియో ఫిదెలీనాని చూశాడు. ఓపిగ్గా చూశాడు. ఆమె ఏమి చెప్పినా వింటాడు, విని ఆ అమ్మాయికి కళ్ళతో సైగ చేస్తాడు, ఆ అమ్మాయి కూడా ఓపిగ్గా తలూపుతుంది, వాళ్ళందరికీ ముందే చెప్పి ఉంచారు. "లేదు," అంది ఫిదెలీనా. ఆయన బుగ్గ లోపల తుడిచారు. ఆమె బుగ్గ లోపల తుడిచారు, రెండు వైపులా, దూదికి ఏ రుచీ లేదు. పుల్లల్ని గొట్టాల్లో పెట్టి, మూతలు బిగించి, పేర్లు అంటించింది అమ్మాయి. బయట వాన మొదలైంది, రేకుల మీద పెద్ద పెద్ద చినుకులు పడుతున్నాయి, అందుకని కొంచెం గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"మూడు నెలలు పడుతుంది అయ్యా. అతను కాకపోయినా బెంగ పెట్టుకోకండి. ఇది ఎక్కడికీ పోదు, మా దగ్గరే భద్రంగా ఉంటుంది. ఏ దేశం నుంచి ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా పోల్చి చూస్తూనే ఉంటాం."

"మేం పోయాక?"

"మీరు లేకపోయినా సరే. ఇరవై ఏళ్ళయినా, యాభై ఏళ్ళయినా."

రుతీలియో కుర్చీలో ముందుకి వంగాడు. తడి ఆరిన జుట్టు నుదుటి మీద పడింది, కళ్ళు మెరుస్తున్నాయి. "విన్నావటే ఫిదే?" అన్నాడు, వాన చప్పుడులో ఆమెకి వినబడలేదేమోనని ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా. "మనం పోయినా వెతుకుతూనే ఉంటారట. విన్నావా?"

విన్నాను, అంది ఫిదెలీనా.